మూడో పంపు జబ్బు

ఆ రోజు ఉదయం పదిన్నరకు చెవిమేస్త్రిని ముక్కు, చెవి, గొంతు డాక్టరు ముందు కూర్చోబెట్టాలని అత్తాకోడళ్లు వారం రోజుల ముందే పథకం వేసుకున్నారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఒక్కమాట మీద నిలబడటం అరుదు. నిలబడ్డారంటే మాత్రం ఎదుటివాడికి తప్పించుకునే దారి ఉండదు. పథకం తేలికైనదే. అత్తగారికి చెవి నొప్పి వస్తుంది. కొడుకైన చెవిమేస్త్రి ఆవిడను ఆస్పత్రికి తీసుకువెళతాడు. లోపలికి వెళ్లాక కోడలు తలుపుకు అడ్డంగా నిలబడుతుంది, అత్తగారు కుర్చీ ఖాళీ చేస్తుంది, రోగి మారిపోతాడు. అత్తగారు రెండు రోజులు నొప్పిని సాధన చేసింది కూడా. పొద్దున కుడి చెవి పట్టుకుని, కాఫీ తాగాక ఎడమ చెవి పట్టుకుంది. కోడలు కళ్లతోనే సరిదిద్దింది.

ఇంత నాటకం దేనికంటే, తాను గురక పెడతానంటే చెవిమేస్త్రి చచ్చినా ఒప్పుకోడు.

అతను ఊరికి నీళ్లు పంపే పంపుహౌస్‌లో ముప్పై ఏళ్లుగా మెకానిక్. మూరెడు స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న పంపు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. "దీని బేరింగు ఇంకో పది రోజులు" అంటాడు. పదో రోజున ఆ బేరింగు పోతుంది. ఊళ్లోవాళ్లు అతని అసలు పేరు మరిచిపోయి చెవిమేస్త్రి అనడం అందుకే. అలాంటివాడితో, మీరు రాత్రంతా గురక పెట్టారంటే ఎలా నమ్ముతాడు?

"పంపులో చీమ నడిస్తే వినపడే చెవి నాది," అనేవాడు భార్యతో. "నా ముక్కు నా చెవికి జానెడు దూరంలో ఉంది. అక్కడ అంత మోత మోగితే నాకు వినపడదా? నీకే నిద్ర పట్టదు, నింద నా మీద వేస్తావు. అమ్మ పక్క గదిలోనే పడుకుంటుంది కదా, ఒక్కనాడైనా ఏమైనా అందా?"

అమ్మ అనదు. అమ్మకు చెవి దగ్గర పళ్లెం జారిపడినా "ఎవరొచ్చారు?" అని అడిగేంత వినికిడి. లోకంలో సాక్షులే కరువైనట్టు ఆయన ఏరికోరి ఆవిడనే సాక్షిగా పెట్టుకున్నాడు.

భార్య దర్జీ. వీధి గదిలో మిషను పెట్టుకుని కుడుతుంది. తన చేతిలో ఉన్న విద్యలన్నీ ప్రయోగించి చూసింది. వెల్లకిలా పడుకుంటే గురక ఎక్కువవుతుందని ఎవరో చెబితే, అతని రాత్రి చొక్కా వీపున చిన్న జేబు కుట్టి అందులో బంతి పెట్టింది. మర్నాడు అతను నడుం పట్టుకుని లేచి, కుట్టుపని తెలియనివాళ్లు చొక్కాలు కుట్టకూడదన్నాడు. దిండ్లు ఎత్తు పెంచింది. రాత్రి భోజనం తగ్గించింది. పెంచినవీ తగ్గించినవీ అన్నీ అయిపోయాయి కానీ మోత మాత్రం అలాగే ఉంది.

నిజం చెప్పాలంటే ఆవిడకు మోతతో పేచీ లేదు. పగలంతా కుట్టుమిషను పక్కన కూర్చునే మనిషికి చప్పుడు ఒక లెక్కా? ఆవిడను భయపెట్టింది మధ్యలో వచ్చే నిశ్శబ్దం. ఉన్నట్టుండి గురక ఆగిపోయేది. ఛాతీ లేచేది, గాలి మాత్రం లోపలికి వెళ్లేది కాదు. ఆవిడ చీకట్లో లెక్కపెట్టేది. పది, పదిహేను, ఇరవై. అప్పుడు ఒళ్లంతా కుదిపేసే ఒక ఎగశ్వాస, మళ్లీ మోత మొదలు.

ఈ సంగతి ఒకరోజు అత్తగారి చెవిలో గట్టిగా చెప్పింది. అత్తగారు దగ్గరికి జరిగి, "మీ మామగారూ అంతేనే," అంది. "పెళ్లయిన నాటినుంచీ నాకు కంటి నిండా నిద్ర లేదు. ఒక రాత్రి చప్పుడు లేదు. హమ్మయ్య అనుకుని హాయిగా నిద్రపోయాను. నేను అలా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే."

ఆ రోజునుంచి అత్తాకోడళ్లు ఒక పార్టీ.

డాక్టరు దగ్గర పనిచేసే నర్సు, రోగి ఒప్పుకోకపోతే గురకను రికార్డు చేసి తెమ్మంది. దర్జీ దగ్గరున్నది మీటలు నొక్కే పాత ఫోను. అందుకని ఆస్పత్రికి వెళ్లాల్సిన ముందురోజు రాత్రి భర్త ఆఫీసు ఫోను తీసి, అతను పనిలో వాడే ఎర్ర బొత్తాన్నే నొక్కి, మంచం పక్కన పద్నాలుగు నిమిషాలు పట్టుకుని కూర్చుంది.

ఆవిడకు తెలియనిది ఒకటుంది. ఆ ఫోనులో రికార్డు చేసిన ఏ చప్పుడైనా దానంతట అదే పంపుహౌస్ కంప్యూటరులోని శబ్దాల రిజిస్టరులోకి వెళ్లి కూర్చుంటుంది. పంపుల రొదను రోజూ దాచిపెట్టుకుని, తేడా వస్తే పోల్చి చూసుకోవడం అక్కడి పద్ధతి. కొత్త పేరు పెట్టకపోతే కిందటిసారి పేరే పడుతుంది. ఆ సాయంత్రం డ్యూటీ దిగే ముందు చెవిమేస్త్రి చివరిగా రికార్డు చేసింది మూడో పంపును.

పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కిన ఆపరేటరు రిజిస్టరు తెరిచాడు. అందులో కొత్త పద్దు కనిపించింది: మూడో పంపు, రాత్రి 2.10, మెకానిక్ ఫోను. మేస్త్రి అర్ధరాత్రి లేచి వచ్చి విని వెళ్లాడంటే విషయం చిన్నది కాదనుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పెట్టుకున్న నిమిషానికి తీసేశాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో యంత్రం ఏడవడం విన్నాడు, కీచుమనడం విన్నాడు, పళ్లు కొరకడం విన్నాడు. ఒక యంత్రం ప్రాణం కోసం కొట్టుకోవడం వినడం ఇదే మొదలు. కళ్ల ముందు మూడో పంపు బుద్ధిమంతురాలిలా తిరుగుతూనే ఉంది. పగలు నటిస్తోందని అతనికి అర్థమయింది. పరుగెత్తుకెళ్లి ఆపేశాడు.

ఇంజనీరమ్మ వచ్చి మూడు వారాలే అయింది. ఆవిడ కూడా ఒక నిమిషం విని కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఈ పంపు కొని ఆరు నెలలేగా?"

"అవును మేడమ్."

"మేస్త్రి గారు ఓకే అనేదాకా దీన్ని ముట్టుకోకండి. ఆయన్ని వెంటనే రమ్మనండి."

ఇంట్లో అప్పటికి అత్తగారు చెప్పులు వేసుకుని, సరైన చెవి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చెవిమేస్త్రి ఫోను విన్నాడు. రాత్రి రెండింటికి మూడో పంపు చేసిన చప్పుడు భయంకరంగా ఉందని మాత్రమే ఆపరేటరు చెప్పాడు. రాత్రి డ్యూటీవాడు రికార్డు చేసి ఉంటాడని మేస్త్రి అనుకున్నాడు. మేస్త్రే రికార్డు చేశాడని ఆపరేటరు అనుకుంటున్నాడు. ఇద్దరికీ సందేహం రాలేదు కనక ఇద్దరూ అడగలేదు. రాత్రి డ్యూటీవాడు ఇంటికి వెళ్లి, ఫోను కట్టేసి, తలుపులు బిగించుకుని నిద్రపోతున్నాడు.

"అమ్మా, నీ చెవి సాయంత్రం చూపిద్దాం. ముందు పంపు సంగతి చూడాలి," అని చెవిమేస్త్రి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"ఏమండీ, ఫోనైనా ఇచ్చి వెళ్లండి," అంది భార్య.

"ఆఫీసు ఫోను నీకెందుకు?" అని అతను బండెక్కాడు. వారం రోజుల పథకం సందు మలుపు తిరిగి మాయమయింది.

పంపుహౌస్‌లో హెడ్‌ఫోన్లు పెట్టి అతన్ని కూర్చోబెట్టారు. చుట్టూ ఆపరేటరు, ఇద్దరు ఫిట్టర్లు, ఇంజనీరమ్మ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. చెవిమేస్త్రి కళ్లు మూసుకున్నాడు. నాలుగు నిమిషాలు విన్నాడు. మధ్యలో చప్పుడు ఆగిపోయినప్పుడు అతని వేళ్లు బల్ల మీద లెక్కపెట్టాయి. మళ్లీ మొదలైనప్పుడు అతని భుజాలు అదిరిపడ్డాయి. ముప్పై ఏళ్లలో అతను ఉలిక్కిపడటం అక్కడెవరూ చూడలేదు.

"వెనకాల సన్నగా తిరుగుతున్నది మోటారు. అది బాగానే ఉంది," అన్నాడు. నిజానికి తిరుగుతున్నది వాళ్ల పడగ్గది ఫ్యాను. "అప్పుడప్పుడూ గలగలమంటున్నవి వదులైన వాషర్లు." అవి భార్య చేతి గాజులు. "అసలు రోగం లాగే దారిలో ఉంది. అక్కడేదో అడ్డుపడుతోంది. పాపం, లాగుదామని చూస్తోంది, లాగలేకపోతోంది."

"ఎంతకాలంగా ఉండి ఉంటుంది?" అంది ఇంజనీరమ్మ.

"ఇది ఒక్కరోజు రోగం కాదు మేడమ్. ఏళ్ల తరబడి ముదరబెట్టారు. పక్కనే ఉండేవాళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నారా? నాకు ఒళ్లు మండిపోతోంది."

పంపు కొని ఆరు నెలలేనన్న సంగతి ఆ కోపంలో ఎవరికీ గుర్తు రాలేదు. కాగితం తెప్పించుకుని అక్కడికక్కడే రిపోర్టు రాసిచ్చాడు. "పరుగు క్రమంగా లేదు. లాగే దారి మూసుకుపోతోంది. పందొమ్మిది సెకన్లు పూర్తిగా ఆగి, పెద్ద కుదుపుతో మళ్లీ మొదలవుతోంది. ప్రతి కుదుపూ లోపలి భాగాలను దెబ్బతీస్తుంది. ఇలా నడిచేది ఏదో ఒక రోజు ఆగి, మళ్లీ మొదలవదు. దీన్ని ఇంకొక్క రాత్రి ఇలాగే వదిలేయడం నేరం." కింద సంతకం, తేదీ.

మూడో పంపును విప్పారు. లోపల అద్దంలో ముఖం చూసుకోవచ్చు. అడ్డు లేదు, అరుగుదల లేదు, వాషర్లు పెళ్లికొడుకుల్లా వరసగా కూర్చుని ఉన్నాయి. చెవిమేస్త్రి తెల్లబోయాడు. అతని చెవి తప్పడం ఇంతవరకూ జరగలేదు. మళ్లీ విన్నాడు. చప్పుడు గోడకు తగిలి వస్తోందని, గోడ పక్కనున్నది రెండో పంపని, రాత్రివాడు పేరు తప్పు వేశాడని తేల్చాడు. మేస్త్రే అన్నాక, మెకానిక్ ఫోను అని పడిందీ తప్పేనని ఆపరేటరు సరిపెట్టుకున్నాడు. రెండో పంపునూ విప్పారు. అది మూడోదానికంటే శుభ్రంగా ఉంది.

ఇక ఇంజనీరమ్మ లెక్క వేసుకుంది. చెప్పింది చెవిమేస్త్రి. లోపం ఉన్న మాట నిజం, ఎక్కడుందో తెలియదు. మిగిలిన రెండు పంపులూ పేలితే ఎవరిది పూచీ? వాటినీ ఆపించింది. మధ్యాహ్నం పన్నెండుకు ఊరి కుళాయిలన్నీ ఒకసారి బుస్సుమని నోళ్లు మూశాయి. బడి నుంచి ఫోను, ఆస్పత్రి నుంచి ఫోను, చాకిరేవు మెషిన్ల దుకాణం నుంచి రెండు ఫోన్లు. తలకు సబ్బు పెట్టుకున్న ఒకాయన తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గరికే వచ్చాడు. పైఆఫీసు వాళ్లు అరగంటలో సంజాయిషీ కావాలన్నారు.

అప్పుడు ఇంజనీరమ్మ మొదటే అడగాల్సిన ప్రశ్న అడిగింది.

"ఇందులో పద్నాలుగు నిమిషాలుంది. చివరిదాకా విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. ఎవరికీ అంత ధైర్యం చాలలేదు.

మీటింగు హాల్లో ఉండే పెద్ద స్పీకరు తెచ్చి తగిలించారు. పంపులన్నీ ఆగిపోయిన ఆ హాల్లో గురక గోడలకు కొట్టుకుని తిరిగింది. గేటు దగ్గరి తువ్వాలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. పదకొండో నిమిషంలో చప్పుడు టక్కున ఆగింది. ఇంజనీరమ్మ గడియారం చూసుకుంది. పది. ఇరవై. ఫిట్టరు ఒకడు తెలియకుండానే చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ముప్పై. ముప్పై ఒకటి. గాజులు గలగలమన్నాయి. తర్వాత స్పీకర్లోంచి ఒక ఆడగొంతు, ఏడుపు ఆపుకుంటూ, చాలా మెల్లగా వినిపించింది.

"ఏమండీ, ఊపిరి తీసుకోండి. ఒక్కసారి తీసుకోండి, మీకు పుణ్యముంటుంది."

ఒక పెద్ద ఎగశ్వాస. మళ్లీ మోత.

ముందు తేరుకున్నది ఇంజనీరమ్మ. ఆవిడ ముఖం ఎర్రగా కందిపోయింది.

"రాత్రి రెండింటికి పంపుహౌస్‌లో ఆడమనిషి ఎవరు?"

ఆపరేటరు తలవంచుకున్నాడు. "రాత్రి డ్యూటీ అతను అలాంటివాడు కాదు మేడమ్. పిల్లలున్నవాడు."

"పిల్లలున్నవాడైతే డ్యూటీలో ఈ పనేంటి? అతని సస్పెన్షన్ కాగితం ఇప్పుడే టైపు చేయించండి."

చెవిమేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. ఆ గొంతు అతనికి ఇరవై ఆరేళ్లుగా తెలుసు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతు. అది అలా బతిమాలడం మాత్రం అతను ఎన్నడూ వినలేదు. నోరు మూసుకుంటే ముప్పై ఏళ్ల పేరు నిలబడుతుంది, రాత్రివాడి ఉద్యోగం పోతుంది. లోపల ఆపరేటరు కాగితం వెతుకుతున్న చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది. అతనికి అన్నీ వినిపిస్తాయి కదా.

"ఆగండి మేడమ్. ఆవిడ నా భార్య."

"మీ భార్య ఆ టైములో ఇక్కడికెందుకు వచ్చారు?"

"ఇక్కడికి రాలేదండి. ఇంట్లోనే ఉంది."

"మరి మూడో పంపు మీ ఇంట్లో ఎందుకుంది?"

చెవిమేస్త్రి స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టాడు.

"మూడో పంపు నేనేనండి."

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ముందు ఫిట్టర్లకు అర్థమయింది, వాళ్లు గోడ వైపు తిరిగారు. నవ్వు రావాల్సిన సమయమే గానీ, బల్ల మీద ఆ రిపోర్టు తెరిచే ఉంది. ఇంజనీరమ్మ దాన్ని తీసి అతని చేతికిచ్చింది. చెవిమేస్త్రి తన అక్షరాలను తానే చదువుకున్నాడు. ఏదో ఒక రోజు ఆగి, మళ్లీ మొదలవదు. అంతదాకా వచ్చేసరికి అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఒక పంపు గురించి ఈ మాట తాను ఎన్నడూ తేలిగ్గా రాయలేదని అతనికి తెలుసు.

సరిగ్గా అప్పుడు ఆటో దిగి అత్తాకోడళ్లు లోపలికి వచ్చారు. ఇద్దరూ రోగి లేకుండానే ఆస్పత్రికి వెళ్లారు. కుర్చీ ఖాళీగా ఉండకూడదని డాక్టరు నిజంగానే అత్తగారి చెవులు చూశాడు. ఒక్కో చెవిలోంచి గోలీ అంత గులిమి తీశాడు. చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. సంగతేమిటో కనుక్కురమ్మని వీళ్లనే పంపాడు, ఇంటాయన పంపుహౌస్‌లోనే కదా పని అని.

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. స్పీకరును ఎవరూ ఆపలేదు. చివరి నిమిషం గురక ఇంకా మోగుతోంది.

"ఇది వీడిదేనా?" అంది ఆవిడ. "ఇన్నాళ్లూ మేడ మీదివాళ్లు సామాను జరుపుకుంటున్నారనుకున్నాను."

ఆ విధంగా చెవిమేస్త్రికి మిగిలిన ఒక్క సాక్షీ ఎదురుతిరిగింది.

భార్య స్పీకరును, రిపోర్టును, భర్తను వరసగా చూసింది. సంగతి అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను తలెత్తి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"నాలుగేళ్లు."

"రోజూ లెక్కపెడతావా?"

"పెట్టకుండా ఎలా పడుకోను? లెక్క ఎంతదాకా పోతుందో తెలీదు కదా."

అతను లేచి, రెండు పంపులనూ గంటలో బిగించి, నాలుగింటినీ నడిపించి, ఊరికి నీళ్లు వదిలి, ఒంటిమీది గ్రీజుతోనే భార్య వెంట ఆస్పత్రికి నడిచాడు. తువ్వాలాయన దారి పొడుగునా అతన్ని మెచ్చుకుంటూ వచ్చాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

డాక్టరు రిపోర్టును రెండుసార్లు చదివాడు.

"ఇది రాసిన డాక్టరెవరండీ?"

"డాక్టరు కాదండీ, రోగే రాశారు," అంది భార్య.

"నేను చెప్పాల్సిందంతా ఇందులోనే ఉంది," అన్నాడు డాక్టరు. "నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులో గాలి కొట్టుకుంటే గురక. దారి పూర్తిగా మూసుకుంటే ఊపిరి ఆగుతుంది, అప్పుడు మెదడు కంగారుపడి కుదిపి లేపుతుంది. మీకు గుర్తుండదు. మీ చెవి ఎంత మంచిదైనా అప్పుడది కూడా నిద్రలోనే ఉంటుంది. పగలు కునుకు వస్తుందా?"

"రాదండీ," అన్నాడు చెవిమేస్త్రి.

"కళ్లు మూసుకుని పంపులు వింటారు కదా, అందులో సగం కునుకే," అంది భార్య.

ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించి నిద్రను పరీక్ష చేశారు. ఊపిరి గంటకు ముప్పైసార్లకు పైగా ఆగుతోందని తేలింది. బరువు తగ్గమన్నారు, పక్కకు తిరిగి పడుకోమన్నారు. బంతి జేబు చొక్కా ఆలోచన మంచిదేనని డాక్టరు అన్నప్పుడు దర్జీ భర్త వైపు చూడలేదు, చూడాల్సిన అవసరం లేకపోయింది. వాటితో పాటు రాత్రిపూట ముక్కుకు తగిలించుకునే తొడుగు, దానిలోకి మెల్లగా గాలి ఊది దారిని తెరిచి ఉంచే చిన్న యంత్రం ఇచ్చారు. చెవిమేస్త్రి దాన్ని ఇంటికి తెచ్చి, స్క్రూడ్రైవరు ఆనించి విని, బేరింగు మంచిదేనని ఒప్పుకున్నాడు.

మొదటి రాత్రి అతను చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు. భార్యకు మాత్రం కన్ను అంటలేదు. అంత నిశ్శబ్దం ఆవిడ భరించలేకపోయింది. మూడుసార్లు అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మూడోసారి అతనికి మెలకువ వచ్చింది. తొడుగు తీసి, స్క్రూడ్రైవరు మొనను యంత్రం మీద ఆనించి, పిడిని ఆవిడ చెవికి అందించాడు.

"సన్నగా గాలి పోతున్నట్టు వినపడుతోందా?"

"వినపడుతోంది."

"ఎక్కే గాలి, దిగే గాలి వేరువేరుగా ఉంటుంది. అది వినపడినంతసేపూ నేనున్నట్టే. ఇక లెక్కపెట్టకు," అని తొడుగు మళ్లీ తగిలించుకున్నాడు.

ఆవిడ కాసేపు విని, ఆ పిడి పట్టుకునే నిద్రపోయింది. నాలుగేళ్లలో అది మొదటి నిద్ర.

శబ్దాల రిజిస్టరులో ఒకసారి పడిన పద్దును చెరపడానికి వీల్లేదు. నెలాఖరులోగా ఎదుటి గడిలో ఏం చర్య తీసుకున్నారో రాయాలి. ఆ రాత్రి 2.10 పద్దు ఎదురుగా ఇంజనీరమ్మ తన చేతిరాతతో ఇలా రాసింది: "పంపులో లోపం లేదు, మెకానిక్‌లో ఉంది, మెకానిక్‌ను అతని భార్యకు అప్పగించి రసీదు తీసుకోవడమైనది."